కురవని వానకు కట్టిన గంట

నల్లగుట్ట మీద జంతువుల ఊరు ఉంది. గుట్ట కింద వాగు ఒడ్డున ప్రతి గురువారం సంత జరుగుతుంది. ఊరికీ సంతకూ నడుమ ఒకటే దారి, ఏడు మలుపుల వాలు. దిగేటప్పుడు కుడి పక్క కొండ, ఎడమ పక్క లోయ. ఇప్పపువ్వు, చింతపండు, మామిడికాయ, ఏది సంతకు చేరాలన్నా బండి మీదే చేరాలి. ఆ బండికి తోలేవాడంటూ వేరే ఎవరూ ఉండరు. లాగేదీ ఎడ్లే, దారి చూసుకునేదీ ఎడ్లే.

పన్నెండేళ్ల కిందట ఒక్క వేసవిలో ఆ వాలు మీద ఆరు జతల కోడెలు లోయలో పడ్డాయి. అన్నీ కొమ్ములు కొత్తగా వాడి తేలిన ఈడువే. పన్నెండు కోడెల్లో ఒకటే మిగిలింది. దాని పేరు మైలన్న. కాడికి ఎడమ పక్క, దాపల కట్టిన తమ్ముడు పోయాడు. కుడి పక్క, వలపల కట్టిన మైలన్న భుజం విరిగి బతికాడు. మళ్లీ కాడి కింద మెడ పెట్టలేదు. బడి పెట్టాడు.

ఆ బడికి ఒక పద్ధతి ఉంది. మామిడి పిందె వేసే వేళకు కోడెలు చేరతాయి. పది రోజులు ఉత్త కాడితో నడక. పది రోజులు దుంగ కట్టి నడక. ఆ తర్వాత ఖాళీ బండి. ఆ తర్వాత బండిలో నిండు నీళ్ల కుండ పెట్టి, చుక్క ఒలక్కుండా ఏడు మలుపులూ దిగడం. ఆఖరి పాఠం మాత్రం తొలకరి వాన పడిన పూటే. వేసవంతా చక్రాల కింద నలిగి పిండి అయిన ఎర్రమట్టి ఆ ఒక్క పూట పేడ కలిపిన అడుసులా జిగురుగా మారుతుంది. దాని మీద ఖాళీ బండితో మూడో మలుపు దాకా దిగాలి. కావాలని జారాలి. జారినప్పుడు కాళ్లు బిగబట్టకుండా కొండ వైపు మెడ తిప్పి నిలదొక్కుకోవాలి. అప్పుడు మైలన్న మెడలో కంచు గంట కడతాడు. గంట లేని జతకు వాలు మొదట్లో ఉండే ముళ్లపంది వెదురు అడ్డుకర్ర ఎత్తదు.

"వాన ఆలస్యమైతే?" అని ఒకసారి ఎవరో అడిగారు.

"ఆగుతాం."

"ఎన్నాళ్లు?"

"పడేదాకా."

బడి పెట్టాక పదకొండేళ్లలో ఒక్క బండీ పడలేదు. దాంతో ఒక చిక్కు వచ్చింది. పడకపోవడం ఊరికి అలవాటైపోయింది. వాలు మంచిదేననీ, ముసలివాడి చాదస్తమే ఎక్కువనీ ఊరు అనుకోవడం మొదలుపెట్టింది.

ఆ ఏడు బడిలో ఉన్నది ఒకటే జత. వలపల చుక్కడు, దాపల కర్రెడు. చుక్కడి నొసట తెల్ల చుక్క ఉంటుంది. మైలన్న కూతురు లచ్చువమ్మ కొడుకు. నడవమంటే పరుగెత్తుతాడు, పరుగెత్తమంటే ఎగురుతాడు. కర్రెడు నల్లగా, మొద్దులా ఉంటాడు. బూదమ్మ అనే ఆవుకు ఒక్కడే కొడుకు. తండ్రి లేడు. వాడిని బడిలో చేర్చిన రోజు బూదమ్మ ఒకే మాట అంది.

"మామయ్యా, వాడికి నేను చెప్పగలిగినవన్నీ చెప్పాను. వాలు సంగతి నాకు తెలియదు. నువ్వు ఏమంటే అదే అనమని చెప్పి పంపాను."

రెండో మలుపు దగ్గర ఒక పొద్దున పాఠం ఇలా సాగింది.

"మలుపు అవతల ఏముందిరా?" అడిగాడు మైలన్న.

"ఏమీ కనబడటం లేదు తాతా," అన్నాడు చుక్కడు.

"కనబడనప్పుడు ఏముందనుకోవాలి?"

"ఏమీ లేదని."

"కర్రెడా, నువ్వు చెప్పు."

"దారి మధ్యలో ఒక మూర్ఖుడు ఉన్నాడని, తాతా."

"వాడు దారి మధ్యలో ఉంటే తప్పు వాడిది కదా!" అన్నాడు చుక్కడు.

"తప్పు వాడిదే. తప్పెవరిదో తేల్చుకోవడానికి లోయలో కావలసినంత తీరిక దొరుకుతుంది. గంట కొట్టు. నిలబడు. విను. మళ్లీ కొట్టు. అప్పుడు కదులు."

వాళ్లింకా బడి పిల్లలు గనక మైలన్నే తన మెడలోని పాత గంట కొట్టాడు. నిలబడ్డారు. విన్నారు. మలుపు తిరిగారు. నిజంగానే దారి మధ్యలో ఒక గాడిద నిలబడి ఉంది.

"ఏం చేస్తున్నావమ్మా ఇక్కడ?"

"పైకి పోదామా కిందికి పోదామా అని చూస్తున్నా."

"ఎప్పటి నుంచి?"

"పొద్దుటి నుంచి."

"గంట వినబడలేదా?"

"వినబడింది. అది కూడా ఆలోచిస్తున్నా."

చుక్కడు పగలబడి నవ్వాడు. కర్రెడు నవ్వలేదు. గాడిద నిలబడ్డ చోటు నుంచి మలుపు దాకా ఎన్ని అడుగులో కళ్లతోనే కొలుచుకున్నాడు. మైలన్న అది చూశాడు. ఈ నల్లవాడు నిలబడతాడు అనుకున్నాడు. తన మనవడి గురించి ఆ మాట అనుకోలేకపోయాడు. అందుకు లోపల కొంచెం నొచ్చుకున్నాడు కూడా.

"పరుగెత్తి పాలు తాగే కంటే నిలబడి నీళ్లు తాగడం మేలురా చుక్కా."

"పాలు నిలబడే తాగాను తాతా, మా అమ్మ దగ్గర. నీళ్లకే పరుగెత్తాల్సి వస్తోంది. బావి ఎండిపోయింది."

అది నిజమే. ఆ ఏడు రోహిణి కార్తె వెళ్లిపోయింది, మృగశిర వచ్చింది, మబ్బు మాత్రం రాలేదు. నీళ్ల కుండ పాఠం ముగిసి ఇరవై రోజులైంది. కోడెలు రెండూ గంట లేని మెడలతో తిరుగుతున్నాయి.

ఆ సమయంలో గుంటనక్క గురవప్ప మైలన్న దగ్గరికి వచ్చాడు. తోపులోని కోతుల్ని మంచి చేసుకుని బండెడు మామిడికాయ దింపించాడు. కాయ పండుతోంది.

"పెద్దయ్యా, మామిడిపండు ఎవరి కోసమూ ఆగదు. నీ వాన ఎప్పుడొస్తుంది?"

"నాది కాదది. మబ్బుది."

"నాకు బండి కావాలి."

"గంట కట్టిన జతలు మూడున్నాయిగా ఊళ్లో."

"ఉన్నాయి. మలుపు మలుపుకీ నిలబడతాయి. కొడతాయి, వింటాయి, మళ్లీ కొడతాయి. అవి కిందికి చేరేసరికి సంతలో ఈగలు తప్ప ఎవరూ మిగలరు. ముందొచ్చిన బండికి చెట్టు నీడ, వెనకొచ్చిన బండికి ఎండ. ఎండలో మామిడిపండు ఏమవుతుందో నీకు చెప్పాలా?"

"నిలబడమని నేర్పింది నేనే."

"తెలిసే వచ్చా. చుక్కడికి గంట కట్టు. వాడు గాలి పెద్దయ్యా, గాలి!"

"గాలికి గంట కట్టడం నాకు రాదు."

"సొంత మనవడని పరాయి పిల్లల కంటే ఎక్కువ బిగిస్తున్నావు. ఊరంతా అదే మాట."

"ఊరికి నోరుంది. వాలుకు లోతుంది. వాన పడనీ."

గురవప్ప ఆకాశం వైపు చూశాడు. తర్వాత కొండ వెనక ఊటమడుగు ఉన్న వైపు చూశాడు.

"పడితే కడతావా?"

"పడితే, తడి వాలు మీద దిగి నిలిస్తే కడతాను."

"తడి వాలు," అన్నాడు నక్క, మాటను నోట్లో చప్పరిస్తూ. "అంతే కదా. వస్తా."

ఇంట్లో లచ్చువమ్మ ఊరుకోలేదు.

"నాన్నా, బావి దగ్గర బర్రెలు నన్ను చూసి నవ్వుతున్నాయి. మీ వాడు ఇంకా ఉత్త మెడేనా అంటున్నాయి. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ముసలాయనకు కంటగింపట, అందుకే కట్టడం లేదట."

"అననీ."

"నువ్వు అనిపించుకుంటావు. వాడు పడలేడు. మూడు రోజులుగా గడ్డి ముట్టడం లేదు. చూడు, గోడ వైపు తిరిగి ఎలా నిలబడ్డాడో."

మైలన్న చూశాడు. చుక్కడు గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. డొక్కలు లోపలికి పోయాయి. చిన్నప్పుడు ఆ దూడ ఈ ముసలి ఎద్దు డొక్క కింద పడుకునేది. కాకిపిల్ల కాకికి ముద్దంటారు. ఎద్దుకు మనవడి సంగతి వేరే చెప్పాలా.

"చుక్కా, కొంచెం తిను."

"గంట కట్టాక తింటాను."

"నేనేం చెయ్యను? వాన పడలేదుగా!"

"పడలేదు తాతా. నీ దగ్గర ఎప్పుడూ ఏదో ఒకటి పడదు."

మంగళవారం పొద్దున్నే గురవప్ప కేకలు పెట్టుకుంటూ వచ్చాడు.

"వాన! పెద్దయ్యా, వాన! తెల్లవారుజామున పడింది! లేచి వాలు చూడు!"

చుక్కడు అప్పటికే పరుగు తీశాడు. కర్రెడు వెనక నడిచాడు. మైలన్న కుంటుతూ వెళ్లాడు. ఊర్లో సగం జంతువులు వచ్చాయి.

వాలు తడిగానే ఉంది. మొదటి మలుపు నుంచి మూడో మలుపు దాకా ఎర్రగా మెరుస్తోంది.

మైలన్న ముక్కు ఎగబీల్చాడు. తొలకరికి ఒక వాసన ఉంటుంది. ఎద్దు బతుకులో దాన్ని మరిచిపోవడం ఉండదు. ఆ వాసన లేదు. మడుగు పాచి వాసన ఉంది. దారి పొడుగునా పెద్ద పెద్ద గిట్టల జాడలున్నాయి, బర్రెలవి. పొద్దున్నే మడుగులో మునిగి నీళ్లోడుతూ వచ్చే మంద ఎప్పుడూ ఊరి వైపు పోతుంది. ఇవాళ వాలు దిగి మూడో మలుపు దగ్గర నిలబడి గడ్డి నములుతోంది. కొత్త గడ్డి మొలిచిందని వాటికి ఎవరు చెప్పారో అడగక్కర్లేదు. పోతులు రెండు అటూ ఇటూ నాలుగు మార్లు తిరిగి ఒళ్లు దులుపుకున్నట్టున్నాయి. దారికి పక్కన గట్టు మీద మట్టి మాత్రం తెల్లగా, పొడిగా ఉంది.

"ఎప్పుడు పడింది?" అన్నాడు మైలన్న.

"తెల్లవారుజామున. నువ్వు నిద్రలో ఉన్నావు."

"నేను తెల్లవారుజామున నిద్రపోయి ఏడేళ్లయింది గురవప్పా."

"ఇవాళ పోయావు. వయసు పెద్దయ్యా, వయసు."

ఎవరో కిసుక్కున నవ్వారు.

అప్పుడు కర్రెడు నెమ్మదిగా అన్నాడు, "తాతా, టేకు ఆకుల మీద దుమ్ము అట్లాగే ఉంది."

అందరూ చెట్ల వైపు చూశారు. వెడల్పాటి టేకాకుల మీద వేసవి దుమ్ము పొడిపొడిగా, వేలెడు మందాన ఉంది. కర్రెడు చేసింది మైలన్న నేర్పిన పనే. దారి ఒక్కటే చూడకు, దారి చుట్టూ చూడు అని మొదటి రోజు చెప్పిన పాఠమే.

"ఒరే నల్లోడా, నీకు గంట వద్దా ఏంటి?" అన్నాడు చుక్కడు. తర్వాత తాత వైపు తిరిగాడు. మూడు రోజుల పస్తుతో ఆ మొహం చిక్కిపోయింది. కళ్లు మాత్రం దూడ కళ్లలా వెలుగుతున్నాయి. "తాతా! తడే కదా! నువ్వే అన్నావుగా, తడి వాలు అని!"

మైలన్న టేకాకుల వైపు చూశాడు. బర్రెల వైపు చూశాడు. కూతురి వైపు చూశాడు. నక్క వైపు చూస్తే నక్క ఆకాశంలోకి చూస్తోంది.

"జల్లురా కర్రెడా," అన్నాడు చివరికి. "సన్నటి జల్లు ఆకును తడపదు."

కర్రెడు తల వంచి, "సరే తాతా," అన్నాడు.

ఖాళీ బండి కట్టారు. కోడెలు రెండూ మూడో మలుపు దాకా దిగాయి. తడిసింది పై పొర ఒక్కటే. గిట్టలు దాన్ని చీల్చుకుని కిందనున్న గట్టి నేలను పట్టుకున్నాయి. చక్రం ఎక్కడా జారలేదు.

"జారలేదు తాతా! చూశావా! ఒక్క అడుగు కూడా జారలేదు!" అని అరిచాడు చుక్కడు.

జారకపోతే ఏం నేర్చుకున్నట్టురా అన్న మాట మైలన్న గొంతు దాకా వచ్చింది. లచ్చువమ్మ కన్నీళ్లు పెట్టుకుని నవ్వుతోంది. బర్రెలు నెమరు ఆపి చూస్తున్నాయి. ముసలి ఎద్దు రెండు గంటలూ తెప్పించి రెండు మెడలకూ కట్టాడు. కర్రెడి మెడకు కట్టేటప్పుడు ముడి రెండు సార్లు జారింది.

ఆ పూట చుక్కడు కడుపు నిండా తిన్నాడు. మైలన్న తినలేదు.

గురువారం పొద్దున బండి కట్టేసరికి ఆకాశం తెల్లగానే ఉంది. గురవప్ప మామిడిపళ్ల మీద గడ్డి పరిచి, దాని మీద తను ఎక్కి కూర్చున్నాడు. బండి గుమ్మం దాటాక మైలన్న పాక ముందు పడుకుని కళ్లు మూసుకున్నాడు.

కాసేపటికి ముక్కుకు వాసన తగిలింది. కాలిన నేల నోరు తెరిచిన వాసన, తొలకరి వాసన.

మైలన్న ఎలా లేచాడో అతనికే తెలియదు. విరిగి అతికిన భుజంతో పరుగెత్తాడు. వాలు మొదటికి వచ్చేసరికి చినుకులు పెద్దవయ్యాయి. ముళ్లపంది అడ్డుకర్ర పక్కన ఆకు కింద తలదాచుకుని ఉంది.

"బండి వెళ్లిందా?"

"వెళ్లింది."

"వాన వస్తోందిగా! ఎందుకు ఎత్తావు?"

"గంటలున్నాయి, ఎత్తాను. వాన పాఠం అయిందని నువ్వే కట్టావుగా మైలన్నా."

మైలన్న అడ్డుకర్ర దాటి దిగాడు. వాన ముసురుకుంది. కింద ఎక్కడో గంటలు వినబడ్డాయి. రెండు మోతలు, మధ్యలో నిశ్శబ్దం, మళ్లీ రెండు మోతలు. ఎవరో మలుపు దగ్గర ఆగి, విని, కొడుతున్నారు. కర్రెడే అయి ఉంటాడు. మైలన్న మనసు కొంచెం కుదుటపడింది. ఆగండిరా, అక్కడే ఆగండిరా అని అరిచాడు. వానలో అరుపు నాలుగు అడుగులు పోలేదు.

నాలుగో మలుపు దగ్గర గురవప్ప ఎదురయ్యాడు. తోక మట్టి కొట్టుకుపోయి ఉంది.

"నువ్వెందుకు దిగావు?"

"బరువు తగ్గుతుందని దిగా పెద్దయ్యా."

"బండేది?"

"ముందుంది. ఆ నల్లోడు మలుపు మలుపుకీ ఆగుతున్నాడు. సంత అయిపోతుందిరా, ఆగకండి అన్నాను. చుక్కడు మంచివాడు, మాట విన్నాడు."

అప్పుడే కింద గంటలు మళ్లీ మోగాయి. ఈసారి మధ్యలో నిశ్శబ్దం లేదు. పరుగెత్తే గంటలు, దబదబా, ఒకదాని మీద ఒకటి. మైలన్న కదలకుండా నిలబడి విన్నాడు. పన్నెండేళ్ల కిందట ఆ మోతను తన మెడలో తనే విన్నాడు.

గంటలు ఆగిపోయాయి.

ఐదో మలుపు అవతల దారి మధ్యలో గాడిద నిలబడి ఉంది, మీద ఒక గీత కూడా పడకుండా. కొండ పక్క బండరాయికి ఆనుకుని చుక్కడు పడి ఉన్నాడు. వెనక కాలు వంకర తిరిగింది. మెడ మీద సగం కాడి ఉంది. మిగతా సగం, బండి, కర్రెడు లోయలో ఉన్నారు. రాళ్ల మధ్య పసుప్పచ్చగా మామిడిపళ్లు చెదిరి ఉన్నాయి. వాన వాటిని కడుగుతోంది. నల్లటి ఒళ్లు ఒకటి వాటి నడుమ కదలకుండా ఉంది.

"తాతా," అన్నాడు చుక్కడు. "గాడిద ఉంది తాతా."

"మాట్లాడకు."

"ఆపబోయాను. జారింది. నేను కాళ్లు బిగబట్టాను. కర్రెడు కొండ వైపు మెడ తిప్పుతున్నాడు. తిప్పరా, నాతో పాటు తిప్పరా అని అరిచాడు. నాకు తిప్పడం రాలేదు తాతా. ఆ రోజు మనం జారలేదుగా."

మైలన్న వాన అడ్డు పడేలా మనవడి మీదికి వంగి నిలబడ్డాడు. అంతకు మించి చేయగలిగింది ఏమీ లేదు.

"నేను ఎప్పుడూ ఇక్కడే ఎక్కడో ఒకచోట నిలబడతాను," అంది గాడిద, ఎవరూ అడగకుండానే. "అందరికీ తెలుసు."

శనివారం ఊరి రచ్చబండ దగ్గర పెద్దలు కూడారు. బర్రెలు తల దించుకుని, గడ్డి ఉందంటే వెళ్లాం, మాకేం తెలుసు అన్నాయి. గురవప్ప తల దించలేదు.

"నీళ్లు నేనే చల్లించాను. దాచను. కానీ వాన అన్న మాట పెద్దయ్య నోటి నుంచి వచ్చింది. ఆ ముక్కుకు పాచి వాసన తెలియదా? ఆ కళ్లకు దుమ్ము ఆనదా? నక్కను నేను. మోసం చేయడం నా పుట్టుక. నన్ను చూస్తే ఎవరైనా జాగ్రత్త పడతారు. ఆయన్ను చూస్తే పడరు. మరి ఎవరి తప్పు పెద్దది?"

పెద్దలు మైలన్న వైపు చూశారు. చివరికి నక్క బండిని ఏ జతా లాగకూడదని తీర్పు చెప్పి లేచారు. ముసలివాడిని ఏమీ అనలేదు. అనకపోవడమే అతనికి బరువైంది.

కర్రెడు పోయిన పదకొండో రోజు పొద్దున బూదమ్మ వచ్చింది. లచ్చువమ్మ లోపలికి వెళ్లిపోయింది. బూదమ్మ పాక గుమ్మంలోనే నిలబడింది. ఆమె నోట్లో కంచు గంట ఉంది, ఒక పక్క నొక్కుకుపోయింది. దాన్ని మైలన్న ముందు పెట్టింది.

"మామయ్యా, ఒక్క మాట అడగడానికి వచ్చాను."

"అడుగమ్మా."

"ఆ మంగళవారం వాన పడిందా?"

బయట వాన పడుతూనే ఉంది. ఆ ఏడు ఆలస్యంగా వచ్చినా గట్టిగా పట్టింది.

"పడలేదమ్మా."

"నీకు అప్పుడే తెలుసా?"

"తెలుసు."

బూదమ్మ ఏడుస్తుందనుకున్నాడు మైలన్న. ఏడవలేదు.

"గంట కట్టుకుని ఇంటికొచ్చి నాతో అన్నాడు మామయ్యా. అమ్మా, ఆకుల మీద దుమ్ముందే, నేను చూశాను అన్నాడు. మరి తాతేమన్నాడురా అన్నాను. జల్లు అన్నాడు. నేనేదో సరిగా చూసుకుని ఉండను, తాత అంటే వానే అయి ఉంటుంది అన్నాడు. నేనూ అవునన్నాను. నువ్వు ఏమంటే అదే అనమని చెప్పి పంపింది నేనే కదా."

మైలన్న గంట మీదికి తల దించాడు.

"బడి మూసేస్తానమ్మా. ఏ మొహం పెట్టుకుని మళ్లీ..."

"మూయకు," అంది బూదమ్మ. "నువ్వు మూస్తే వచ్చే ఏడు పిల్లల్ని వాలు మీదికి ఎవరు పంపుతారు? నక్కా? నా కొడుకు పాఠం నేర్చుకునే పోయాడు మామయ్యా. పక్కవాడు నేర్చుకోకపోబట్టే పోయాడు. బడి ఉండాలి. కానీ ఒకటి చెయ్యి. మొదటి రోజు, కాడి ఎత్తకముందు, ప్రతి పిల్లకూ నీ నోటితో చెప్పు. వాన పడలేదని. పడిందని నువ్వన్నావని. నా కొడుకు దుమ్ము చూశాడని."

"ప్రతి ఏడూనా?"

"నువ్వు ఉన్నన్నాళ్లూ."

ఆమె వెళ్లిపోయింది. గంట అక్కడే ఉంది.

మరుసటి ఏడు మామిడి పిందె వేసే వేళకు నాలుగు కోడెలు బడికి వచ్చాయి. వరసలో నిలబడి కొమ్ములు కుమ్ముకుంటున్నాయి. పక్కన చుక్కడు మూడు కాళ్ల మీద నిలబడి ఉన్నాడు. వాడి మెడలో గంట లేదు. తనే తీసేశాడు. మలుపు మలుపుకీ ముందు నడిచి, దారి చుట్టూ ఏముందో చూసి చెప్పడం ఇప్పుడు వాడి పని. టేకు చెట్టు కనబడితే ఆకులు చూడకుండా కదలడు.

గురవప్ప ఆ దారినే నెత్తిన పళ్ల బుట్ట పెట్టుకుని పోతూ కనిపించాడు. తన బండిని ఏ జతా లాగదు కనుక నడిచే దిగుతున్నాడు. మలుపు దగ్గర ఆగాడు. చెవులు రిక్కించి విన్నాడు. అవతల ఎవరూ లేరని తేల్చుకున్నాకే అడుగేశాడు.

మైలన్న నొక్కుకుపోయిన గంటను పిల్లల ముందు పెట్టాడు. కొమ్ముల ఆట ఆగింది.

"ఇది ఎవరిది తాతా?" అంది ఒక కోడె.

బడి వెనక చెట్టు కింద బూదమ్మ నిలబడి ఉందని ముసలి ఎద్దుకు తెలుసు. ఆ వైపు చూడకుండా మొదలుపెట్టాడు.

"ఆ రోజు వాన పడలేదు..."

నీతి: వాలుకు మెడలోని గంట కనబడదు, కాళ్లు నేర్చిందే కనబడుతుంది.